అర్థశాస్త్రోపన్యాసములు: దేశకాల విచారము

అర్థశాస్త్ర మను పేరు మనకుఁ గ్రొత్తది కాదు. కౌటిల్యుని గ్రంథమునకు అదియే పేరు. మైసూరునందు శామశాస్త్రిగారు ఆ గ్రంథమును 1909లోఁ బ్రకటించిన పిమ్మట ఆ పేరు పండితలోకమున మరల మాఱుమ్రోగినది. కాని నేఁడు కళాశాలలయందు అర్థశాస్త్రమని బోధింపఁబడుచున్నది కౌటిల్యుని రాజనీతి కాదు. ధనము ఎట్లు పుట్టును, ఎవ్వరెవ్వరికి ఎంతెంత చేరును, వెలలు ఏల హెచ్చి తగ్గును, ఈ వ్యవహారములలో రాజు ఎంతవఱకుఁ జేయి పెట్టవచ్చును అను ప్రశ్నలను జర్చించు ఈ శాస్త్రము పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాఖండమందు రూపు దాల్చినది. పేరు పాతది, వస్తువు క్రొత్తది. ఈ క్రొత్త వస్తువును మన దేశపు విద్యాపీఠములు ఎట్లు స్వీకరించినవి, ఎట్లు పరీక్షించినవి, ఆ పరీక్ష ప్రజల బ్రదుకునకు ఎట్లు సంబంధించినది అను విషయమును గొన్ని ప్రసిద్ధోపన్యాసముల మూలమున విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ శాస్త్రము మన దేశమునకు గ్రంథరూపమునఁ గంటె ముందుగా ఉద్యోగిరూపమున వచ్చినది. ఈస్టిండియా కంపెనీవారు తమ సివిలు ఉద్యోగులను సిద్ధపఱచుటకై పందొమ్మిదవ శతాబ్దారంభమున ఇంగ్లాండునందు ఒక కళాశాలను నెలకొల్పిరి. అది హెయిలీబరీ యను చోట చాలకాలము నడచినది. జనసంఖ్యను గూర్చిన సిద్ధాంతముచేఁ బ్రసిద్ధుఁడైన మాల్థసు 1805 మొదలుకొని 1834లోఁ జనిపోవువఱకు అచ్చటఁ జరిత్రమునకును అర్థశాస్త్రమునకును ఆచార్యుఁడుగా నుండెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమునకుఁ బీఠము ఏర్పడినది 1825లో. అంతకు ఇరువది సంవత్సరములకు ముందే హిందూదేశమును బాలింపఁబోవు యువకులకు ఈ శాస్త్రము నియమముగాఁ బాఠము చెప్పఁబడుచుండెను. మదరాసు రాజధానికిఁ గలెక్టరులుగా వచ్చినవారిలోఁ బెక్కండ్రు ఆ కళాశాలలోఁ జదివినవారే. కాఁబట్టి ఆ తరగతిగదిలోఁ జెప్పఁబడిన మాట గుంటూరు, కడప, బళ్లారి మండలముల రైతుల యింటివఱకు వచ్చుట కెక్కువకాలము పట్టలేదు.

ఆ మాటలలో ముఖ్యమైనది ధాన్యవర్తకమును గూర్చినది. ఆడం స్మిత్తు 1776లోఁ బ్రకటించిన తన గ్రంథమున, పంట తక్కువైన సంవత్సరమున రాజు వెలలను నిర్ణయించుటకుఁ బూనినచో వర్తకులు సరకును దాఁచుదురనియు, కొఱత కఱవుగా మాఱుననియు, వర్తకమును దాని త్రోవను బోనిచ్చినచో హెచ్చువెల యున్న చోటికి ధాన్యము తనంతట వచ్చి చేరుననియు వాదించెను. వంగదేశపు క్షామమును సైతము అతఁడు ఈ సందర్భమున స్మరించి, కంపెనీ ఉద్యోగులు బియ్యపు వర్తకమునకుఁ బెట్టిన కట్టుబాట్లు కొఱతను గఱవుగా మార్చియుండునని సూచించెను. ఐరోపాదేశములలోఁ జిన్న చిన్న రాజ్యముల అధికారులు చేయుచుండిన అక్రమములను జూచినవానికి ఈ వాదము యుక్తియుక్తముగానే తోఁచును. కాని సూత్రమునకు అధికారపరిధి యొకటి యుండును గదా! వైయాకరణులకు ఈ సంగతి చెప్పనక్కఱ లేదు. నిత్యముగాఁ బ్రవర్తించు విధి యొకటి, బహుళముగాఁ బ్రవర్తించు విధి యొకటి. బహుళమును నిత్యముగాఁ జదివినచో రూపము చెడును. అర్థశాస్త్రమున నట్లు చదివినచోఁ జెడునది రూపము కాదు, ప్రాణము.

తెనుఁగుదేశమున ఇందుకు సాక్ష్యము కలదు. 1832-33 సంవత్సరములలో వచ్చిన నందన కఱవును గుంటూరు ప్రాంతమువారు డొక్కల కఱవని చెప్పుకొనిరి. ఇంచుమించు అయిదు లక్షల జనులలో లక్షన్నర మొదలు రెండు లక్షలవఱకుఁ జనిపోయిరని లెక్కించిరి. నాఁడు రైలుమార్గములు లేవు, కృష్ణానదికి ఆనకట్ట లేదు. ఆనకట్ట 1855 నాఁటికిఁ గాని పూర్తి కాలేదు. కావున ఆ నష్టము నంతయు ఒక్క సిద్ధాంతముపై మోపుట న్యాయము కాదు. కాని 1876లో ఆరంభమైన ధాత కఱవునాఁటికిఁ గడప, గుత్తి, ఆదవానిలమీఁదుగా రాయచూరువఱకు రైలు నడచుచుండెను. ధాన్యము బండ్లకొలఁది వచ్చినది. అంగళ్లలో నమ్మకమునకు నుండినది. ఐనను జనులు చచ్చిరి. ఏల? వర్తకము ఆఁకలి యున్న చోటికిఁ బోవునది కాదు, పైకము ఉన్న చోటికిఁ బోవునది. పంట పోయినప్పుడు రైతునకు ధాన్యము మాత్రమే పోలేదు. ధాన్యమును గొనుటకు వలయు రాఁబడియుఁ బోయినది. కూలివానికిఁ బని పోయినది; నేఁతగానికి బట్ట కొనువాఁడు పోయెను. ఈ చిన్న భేదమును సూత్రము చూడలేదు.

ఆనాఁటి ప్రభుత్వ వ్యవహారము విచారింపఁదగినది. మదరాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు 1876లో ముప్పదివేల టన్నుల ధాన్యమును రహస్యముగాఁ గొనిపించెను. హిందూదేశ ప్రభుత్వమువారు, అనఁగా లిట్టన్ ప్రభువు ఆలోచనసభవారు, ఇది వర్తకమునకు విఘ్నమని ఆక్షేపించిరి. 1877లో సర్ రిచర్డు టెంపులు కఱవుపనులలోఁ గూలి చేయువారికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానితోఁ గొలఁది పైకమును జాలునని కూలిని దగ్గించెను. మదరాసు ఆరోగ్యశాఖాధికారి వైద్యుఁడు కార్నిషు, మన్ను మోయుచున్న మనుష్యునికి ఆ తిండి చాలదని శరీరపరీక్షలతో వాదించి కడకు గూలిని హెచ్చింపఁజేసెను. 1871 జనసంఖ్యతోఁ బోల్చి చూడఁగా 1881లోఁ గర్నూలు మండలమున నాలుగవవంతు జనులు తక్కువైరి. అంతటి నష్టము జరిగిన పిమ్మట 1878లో నియమింపఁబడిన క్షామవిచారణసంఘము 1880లోఁ దన నివేదికను సమర్పించెను. దాని ఫలముగాఁ గఱవునిబంధనలు ఏర్పడినవి. ఇందలి విశేష మేమనఁగా, టెంపులు పక్షమునకు శాస్త్రము తోడుండెను. కార్నిషు పక్షమునకుఁ గన్నులు మాత్రమే తోడుండెను. కన్నులు చూచినదానిని శాస్త్రముగాఁ జెప్పఁగల వేదిక దేశమున నప్పటికి లేదు.

విశ్వవిద్యాలయములు లేకపోలేదు. కలకత్తా, బొంబాయి, మదరాసు విశ్వవిద్యాలయములు 1857లోనే స్థాపింపఁబడినవి. కాని అవి తొలినాళ్లలోఁ బరీక్షలు పెట్టి పట్టము లిచ్చు సంస్థలే గాని పాఠము చెప్పు సంస్థలు కావు. కళాశాలలలో మిల్లు, ఫాసెట్టు మొదలగువారి గ్రంథములను జదివించుచుండిరి. విద్యార్థి వానిని వల్లించి పరీక్షలో వ్రాసి పట్టము పుచ్చుకొనుచుండెను. తన యూరి కరణము లెక్కకును, తాను చదివిన పుస్తకమునకును సంబంధ మున్నదో లేదో అని అడుగువాఁడు లేఁడు. అడిగినను మార్కులు రావు.

ఆ ప్రశ్నను విద్యాపీఠమున బహిరంగముగా అడిగినవాఁడు మహాదేవ గోవింద రానడే. ఈతఁడు 1842లో జనించి 1901లో నస్తమించెను. బొంబాయి విశ్వవిద్యాలయమునఁ బ్రథమమునఁ బట్టము వడసినవారిలో నొకఁడు. న్యాయాధికారిగాఁ బనిచేయుచు, 1875లో దక్కను రైతులు వడ్డీవర్తకులపైఁ దిరుగఁబడిన పిమ్మట 1879లో నేర్పడిన దక్కను వ్యవసాయికుల శాసనము ననుసరించి ఋణవ్యాజ్యములను బరిశీలించు పదవిలో నుండెను. అనఁగా రైతు వ్రాసి యిచ్చిన పత్రములను, వానిపైఁ బెరిగిన వడ్డీలను, వేలమువేయఁబడిన భూములను ప్రతిదినము కన్నులారఁ జూచినవాఁడు. ఈతఁడు 1892లోఁ బూనా దక్కను కళాశాలలో 'భారతీయార్థశాస్త్రము' అను విషయమునుగూర్చి ఉపన్యసించెను. 1898లోఁ బ్రకటింపఁబడిన ఆతని అర్థశాస్త్రవ్యాససంపుటమున నిది చేర్పఁబడినది.

ఆ ఉపన్యాసముయొక్క సారాంశ మిది. ఇంగ్లీషువారి అర్థశాస్త్రము కొన్ని యుపపాదనలపై నిలిచియున్నది. ప్రతి మనుష్యుఁడు తన లాభమును దానే యెఱిఁగి దానికై పాటుపడును. కూలి, మూలధనము ఎక్కువ ప్రతిఫలము దొరకు చోటికి నిరాటంకముగాఁ బోవును. వెలలను, కూలిని పోటీయే నిర్ణయించును. ఒడంబడికచేతనే మనుష్యులు పరస్పరము బద్ధులగుదురు. ఇవి ఇంగ్లాండునందే సంపూర్ణముగా సత్యములు కావు. హిందూదేశమున నివి ఇంచుమించు తలక్రిందులుగా నున్నవి. ఇచ్చట వ్యక్తికంటెఁ గుటుంబమును, కులమును బలవత్తరములు. పోటీకంటె ఆచారము బలవత్తరము. ఒడంబడికకంటె పుట్టుకచే వచ్చిన స్థానము బలవత్తరము. కూలివాఁడు ఊరు విడువఁడు. మూలధనము వృత్తి విడువదు. జనసంఖ్య రోగములచేతను గఱవులచేతను గత్తిరింపఁబడుచుండును. ఇట్టి చోట ఉపపాదనలు సత్యములని యెంచి సిద్ధాంతములను విధులుగా శాసించుట శాస్త్రము కాదు.

రానడే ఈ మాటను గేవలము దేశాభిమానముతోఁ జెప్పినవాఁడు కాఁడు. ఐరోపాఖండపు పండితులలోనే ఈ వివాద మున్నదని చూపెను. సిస్మాండి, జర్మనీవాఁడగు లిస్టు, అమెరికావాఁడగు కేరీ మొదలగువారు తమ తమ దేశముల స్థితిని బట్టి ఇంగ్లీషు సిద్ధాంతమును విమర్శించిరనియు, దేశకాలములను బట్టి శాస్త్రము ప్రవర్తింపవలయు ననుట క్రొత్తమాట కాదనియు నిరూపించెను. అనఁగా ఆతఁడు శాస్త్రమును నిరాకరింపలేదు. దాని పూర్వపక్షములను గూడఁ జదువుఁడని విద్యార్థులను గోరెను. రికార్డోగారి భూమిశిస్తు సిద్ధాంతమును బట్టి భూమియందలి హెచ్చు ఫలము రాజునకుఁ జెందవలయునని చెప్పి ముప్పది సంవత్సరముల కొకపరి శిస్తు పెంచు పద్ధతిని సమర్థించుట తగదనెను. వర్తకపరిశ్రమలలో రాజ్యము చేయి పెట్టరాదని చెప్పుచునే ప్రభుత్వమువారు రైల్వేకంపెనీలకు నూటికి అయిదు వంతున వడ్డీకిఁ బూచీపడుటయు ఆ కాలపు వ్యవహారమే. రైలునకుఁ జెల్లిన న్యాయము ఇనుపపరిశ్రమకును, రైతుఋణమునకును ఏల చెల్లదు అను ప్రశ్న ఆతని వాదమునుండి సహజముగాఁ బుట్టును.

ఒక ఉపన్యాసముచేత రాజ్యనీతి మాఱునా యని చదువరులు శంకింపవచ్చును. వెంటనే మాఱలేదు. 1896లో మన మిల్లుగుడ్డలపై నూటికి మూఁడున్నర వంతున ఎక్సైజు సుంకము వేయఁబడినది. లంకాషైరు గుడ్డలకుఁ బోటీ లేకుండుటకై వేసిన సుంకమది. 1896-97లోను, 1899-1900లోను మరల ఘోరక్షామములు వచ్చినవి. కాని రానడే లేవఁదీసిన ఆక్షేపము చావలేదు. ఆతని శిష్యుఁడు గోఖలే దానిని శాసనసభలో వినిపించెను. రమేశచంద్ర దత్తు లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో నుపన్యాసకుఁడుగా నుండిన కాలముననే హిందూదేశ ఆర్థికచరిత్రమును వ్రాయఁబూని, 1902లోను 1904లోను రెండు సంపుటములుగాఁ బ్రకటించెను. 1921-22లో ఆర్థికవిచారణసంఘము కూడి, విచక్షణతోఁ గూడిన పరిశ్రమరక్షణము ఉచితమని తీర్మానించెను. 1924లో ఉక్కుపరిశ్రమకు సంరక్షణ శాసన మేర్పడినది. పైఁ జెప్పిన ఎక్సైజు సుంకము 1925లో నిలుపఁబడి, పిమ్మట రద్దు చేయఁబడినది. ముప్పదియేండ్లకుఁ బైఁగా పట్టినది. ఈ ఫల మంతయు రానడే ఉపన్యాసముచేతనే కలిగినదనుట అతిశయోక్తి. యుద్ధము, రాజకీయోద్యమము, ప్రభుత్వపు ధనావశ్యకత అను కారణములు గలవు. కాని మార్పునకు వేళ వచ్చినప్పుడు వాదము సిద్ధముగా నుండుట సామాన్యవిషయము కాదు. సిద్ధముగా నుంచినది ఉపన్యాసవేదిక.

1904 నాఁటి విశ్వవిద్యాలయ శాసనము రెండవ ఘట్టమునకు ద్వారము తెఱచినది. దానిచే విశ్వవిద్యాలయములకు స్వయముగా ఆచార్యులను నియమించి బోధించు నధికారము స్పష్టమైనది. కలకత్తాలో మింటో ప్రభువు పేర అర్థశాస్త్రపీఠ మొకటి వెలసినది. మదరాసున 1915లో గిల్బర్టు స్లేటరు భారతీయార్థశాస్త్రమునకు మొదటి ఆచార్యుఁడుగా వచ్చి 1921వఱకు నుండెను. ఆతఁడు అంతకు ముందు ఆక్స్‌ఫర్డులో శ్రామికుల విద్యకై నెలకొన్న రస్కిన్ కళాశాలకు అధ్యక్షుఁడు. మదరాసునకు వచ్చిన పిమ్మట ఆతఁడు చేసిన పని మన విద్యాచరిత్రమున మఱవఁదగినది కాదు. విద్యార్థులకుఁ బ్రశ్నావళి నిచ్చి, సెలవులలోఁ దమ తమ గ్రామములకుఁ బోయి భూమి ఎవ్వరిది, ఏమి పండును, కౌలు ఎంత, కూలి ఎంత, అప్పు ఎంత అని అడిగి వ్రాసికొని రమ్మనెను. ఆ నివేదికలను సంస్కరించి 'కొన్ని దక్షిణ హిందూదేశ గ్రామములు' అను పేర 1918లోఁ బ్రకటించెను. విశ్వవిద్యాలయపు ఆర్థికపరిశోధన గ్రంథములలో నదియే మొదటి సంపుటము. దాదాపు ఆ కాలమందే పూనా వ్యవసాయకళాశాలకుఁ జెందిన హెరాల్డు మాన్ ఒక దక్కను గ్రామమును ఇల్లిల్లు పరిశీలించి 1917లో గ్రంథము ప్రకటించెను.

బహిరంగోపన్యాసమునకును, గోష్ఠికిని భేద మిచ్చటఁ దెలియును. ఉపన్యాసమున నొకఁడు చెప్పును, పలువురు విందురు. గోష్ఠిలో విద్యార్థి తాను తెచ్చిన సాక్ష్యమును నిలువఁబెట్టవలయును. ఆచార్యుఁడు దానిని గదలించి చూచును. స్లేటరు పద్ధతి గోష్ఠికిఁ జేరినది. రానడే 'ఈ ఉపపాదన ఇచ్చటఁ జెల్లునా?' యని అడుగఁగా, స్లేటరు 'పోయి చూచి రండు' అనెను. సిద్ధాంతమును బ్రశ్నించుటకంటె సాక్ష్యమును గూర్చుట కష్టతరము. దాని ఫలము చిరకాలము నిలుచును. ఆ గ్రామములనే 1936-37లో ఆచార్య పి. జె. థామసు, కె. సి. రామకృష్ణన్‌గార్లు మరల పరిశీలింపించి 1940లో నివేదిక ప్రకటించిరి. రెండు పరిశీలనల నడుమ 1929లో నారంభమైన లోకవ్యాప్తమైన మాంద్యము వచ్చి ధాన్యపు వెలలు పడిపోయెను. వెల పడినను అప్పు పడలేదు. రెండు లెక్కలను బ్రక్కప్రక్కన నుంచి చదువువానికి ఆ మాంద్యము గ్రామమున నేమి చేసెనో తెలియును. థామసుగారు 1942లో విశ్వవిద్యాలయమును విడిచి హిందూదేశ ప్రభుత్వమునకు ఆర్థికోపదేష్టగాఁ బోయిరి. స్లేటరు గ్రామములలో నొకటియైన ఇరువేల్పట్టును పండితులు 2008లోఁ గూడ మరల పరిశీలించిరి. తొంబదియేండ్లకుఁ బైఁబడి ఒక చిన్న గ్రామముయొక్క భూమి, కూలి, కులసంబంధముల చరిత్రము వరుసగా దొరకుట విద్యార్థుల సెలవుదినముల ఫలము.

ఆంధ్రదేశమునకు ఈ మార్గముతో సంబంధము కలదు. నిడుబ్రోలునందు 1900లో జనించిన ఆచార్య గోగినేని రంగనాయకులుగారు, లోకమున ఎన్. జి. రంగా యని ప్రసిద్ధులు, ఆక్స్‌ఫర్డునందు అర్థశాస్త్రము చదివి వచ్చి మదరాసు పచ్చియప్ప కళాశాలలో ఆచార్యులుగా నుండిరి. హిందూదేశ గ్రామముల ఆర్థికవ్యవస్థను గూర్చి వారు వ్రాసిన గ్రంథముయొక్క మొదటి సంపుటము 1926లో వెలువడినది. అది డెల్టా గ్రామములను గూర్చినది. కాలువనీరు వచ్చిన పిమ్మట రైతునకుఁ గలిగిన లాభమును, ఆ లాభముతోడనే వచ్చిన క్రొత్త యిబ్బందులను ఆ నేలపైఁ బుట్టినవాఁడు విచారించుట విశేషము. పిమ్మట 1930 తరువాతి దశాబ్దమున వారు నిడుబ్రోలులో రైతులకై విద్యాలయమును నడపిరి. విశ్వవిద్యాలయమునఁ జదివిన శాస్త్రము రైతుల నడుమఁ బాఠమగుట అందుఁ జూడనగును.

ఇట్లు సాక్ష్యము కూడుచుండఁగా, వేఱొక ప్రశ్న వేఱొక వేదికనుండి వచ్చినది. 1916 డిసెంబరు 22వ తేదిని అలాహాబాదు మ్యూర్ కళాశాలయందలి అర్థశాస్త్రసంఘమున గాంధీజీ ఉపన్యసించెను. ఆర్థికాభివృద్ధి నిజమైన అభివృద్ధికి విరోధియా అనునది విషయము. తాను మిల్లు, మార్షలు, స్మిత్తు మొదలగువారి గ్రంథములను జదివినవాఁడను గానని ఆతఁడు దాఁపఱికము లేక ఒప్పుకొనెను. హద్దులేని వస్తుసంపద ఆర్థికాభివృద్ధి యనియు, నీతియందలి పెరుగుదల నిజమైన అభివృద్ధి యనియు నిర్ణయించి, మొదటిది పెరిగినకొలఁది రెండవది తగ్గుచున్నదని వాదించెను. కాని కటికదారిద్ర్యము నీతిని బెంచునని ఎవ్వరును జెప్పలేదనియు, ప్రతి మనుష్యునకు బ్రదుకు హక్కు, కావున తిండి, బట్ట, ఇల్లు సంపాదించుకొను హక్కు కలదనియుఁ గూడ స్పష్టముగాఁ జెప్పెను. పురుషార్థములను జతుర్విధముగా విభజించుకొన్న మన సంప్రదాయమున నీ ప్రశ్న చిరపరిచితమైనది. అర్థము పురుషార్థమే, కాని ధర్మముతో నొడంబడినప్పుడే. శాస్త్రజ్ఞుల సభలో శాస్త్రము తెలియనివాఁడు వచ్చి 'ఇది దేనికొఱకు?' అని అడిగినచో ఆ ప్రశ్నను సభ విన్నది. ఆక్షేపింపవలసినచోట నాక్షేపించుట కవకాశ మున్నది. అది వేదికకు గౌరవము.

ఇంతవఱకుఁ జెప్పిన ఆక్షేపణము లన్నియు రాజ్యము చేయవలసినది చేయలేదనువారివి. దీనిని బట్టి విద్యాపీఠముల పని రాజ్యాధికారమును బెంచుటయే యని ఎవ్వరేని తలఁచినచో, స్వతంత్రభారతమునందలి యొక యుదాహరణము ఆ తలంపును సవరించును. 1955లో రెండవ పంచవర్ష ప్రణాళికను బరిశీలించుటకుఁ గూర్పఁబడిన అర్థశాస్త్రజ్ఞుల సంఘమున బి. ఆర్. షెనాయిగారు ఒక్కరే భిన్నాభిప్రాయమును వ్రాసిరి. దేశపు నిజమైన పొదుపునకు మించి ప్రణాళికను బెంచి, లోటును నోట్ల ముద్రణముచేఁ బూరించినచో వెలలు పెరుగుననియు, రాజ్యపు కట్టుబాట్లు హెచ్చుననియు వారి వాదము. సంఘమునం దది ఏకాకి వాదము. కాని 1955-56వ సంవత్సరపు సర్ విలియం మెయరు ధర్మనిధి ఉపన్యాసములను మదరాసు విశ్వవిద్యాలయమువారు ఆయనచేతనే చెప్పించిరి. 1958లో గ్రంథముగాఁ బ్రకటించిరి. 1957 నాఁటికే విదేశీద్రవ్యమునకు దేశమునఁ దీవ్రమైన కొఱత యేర్పడినది. ఆ ప్రణాళిక ఉక్కు మొదలగు మూలపరిశ్రమలకుఁ బునాది వేసినదను వాదమునకును బలము గలదు. ఇందెవరిది సత్య మను వివాదము ఇప్పటికిని నడచుచున్నది. మనకుఁ గావలసిన దొక్కటే: 1892లో రాజ్యము చేయి ముడుచుకొన్నదని ఆక్షేపించుటకు వేదిక దొరకినట్లే, 1955లో రాజ్యము చేయి మితిమీఱి చాఁచుచున్నదని ఆక్షేపించుటకును వేదిక దొరకెను. ఆక్షేపము తప్పైనను, ఒప్పైనను, అది వ్రాఁతలో నిలిచినది. ప్రతివాది దానికి సమాధానము చెప్పక తప్పదు. 1877లోఁ గార్నిషు వైద్యునకు లేనిది ఇట్టి వేదికయే.

ఐనను ఒక లోపము మిగిలియున్నది. పైఁ జెప్పిన రానడే, స్లేటరు, షెనాయిగార్ల మాటలు ఆంగ్లమునఁ బుట్టి యాంగ్లముననే నిలిచినవి. వానికి విషయమైన రైతు వానిని వినలేఁడు. ఈ లోపమును గుర్తించినవారు మనలో లేకపోలేదు. కేంబ్రిడ్జిలోఁ జదివి, పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు తెనుఁగున అర్థశాస్త్రమును వ్రాసిరి. కవిత్వతత్త్వమును విచారించిన లేఖినియే వెలలను, కూలిని, ధనవిభాగమును గూర్చియు విచారించుట మన వాఙ్మయమునకు గర్వకారణము. కాని ఆ త్రోవను దరువాతఁ ద్రొక్కినవారు తక్కువ.

ఈ పని అర్థశాస్త్రజ్ఞులదే గాని పండితులది కాదనుట సరికాదు. రానడే, ఇచ్చటఁ గూలిని నిర్ణయించునది పోటీ కాదు, ఆచారము అని చెప్పినదానికిఁ దెనుఁగుభాషలోనే సాక్ష్యము కలదు. 'మేర' అను మాటను జూడుఁడు. వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి కళ్లమువద్ద రైతు కొలిచి యిచ్చు ధాన్యభాగమది. దానికి బేరము లేదు. పంటనుబట్టి, ఆచారమునుబట్టి అది నడచుచుండెను. 'పాలేరు' దినకూలివాఁడు కాఁడు, సంవత్సరమునకుఁ గుదిరినవాఁడు. 'కోరు' అనఁగా పంటలో భాగమునకు భూమి నిచ్చుట. 'కౌలు' అనఁగా నిర్ణీతమైన చెల్లింపునకు నిచ్చుట. 'నాగు' అనఁగా ధాన్యమును అప్పిచ్చి పంటకాలమున ధాన్యమే వడ్డీతోఁ బుచ్చుకొనుట; ఆ వడ్డీ పైకపు వడ్డీ లెక్కకు లొంగునది కాదు. ఈ మాటలలో నొక్కొక్కటి యొక్కొక్క యేర్పాటు. ఒక్కొక్క యేర్పాటు ఆంగ్లగ్రంథములందలి యుపపాదనల కొక్కొక్క పరీక్ష. నిఘంటువులలో వీని యర్థములు సంక్షేపముగా నుండును. ఎంత, ఎప్పుడు, ఎవ్వరికి అను వివరములు వృద్ధుల నోళ్లలోను, పాతలెక్కలలోను గలవు. కరణముల యుద్యోగములు 1984లో రద్దయిన పిమ్మట ఆ లెక్కలు ఇండ్లలో మూలఁబడినవి. యంత్రములు వచ్చి, కమ్మరికొలిమి ఆఱిన యూళ్లలో మేర యను మాటయే చిన్నవాండ్రకుఁ దెలియదు.

స్లేటరు పంపిన విద్యార్థులు భూమి కొలఁతలను, కూలి లెక్కలను దెచ్చిరి; ఆంగ్లమున వ్రాయుటచే రైతుల మాటలలోఁ బెక్కు జాఱిపోయినవి. పాఠశాలలలోని పండితులు తమ విద్యార్థులచేత, ఊరూరఁ గూలికిని, అప్పునకును, కౌలునకును, పంటపంపకమునకును గల మాటలను, వానివెంటనే అవి యే కాలమున నెంత పరిమాణమును దెలిపినవో ఆ లెక్కలను, చెప్పినవారి వయస్సును వ్రాయించి యుంచినచో, అర్థశాస్త్రము తెనుఁగున మాటలాడుటకు వలయు సాక్ష్యము సిద్ధమగును. అట్టి పట్టిక యొక్క గ్రామమునకు సిద్ధమైనను, అది ఉపన్యాసవేదికపై నిలువఁదగిన ప్రమాణమే.